ఆకాశంలో గంట... నేల మీద నాలుగు!

రాత్రి పదకొండు దాటింది. చందానగర్ గంగారంలో ఓ అపార్ట్‌మెంటు సెల్లారు. క్యాబ్ డిక్కీ తెరిచి ఉంది. నాలుగు పెద్ద సూట్‌కేసులు, వాటి చుట్టూ పదిమంది. చిన్నకొడుకు వేలాడే త్రాసు తగిలించి ఆఖరిసారి తూకం వేస్తున్నాడు. ఇరవై మూడు కిలోల మీద ఆరు వందల గ్రాములు ఎక్కువొచ్చింది. పెట్టె మళ్లీ తెరవక తప్పలేదు. ఏది తీయాలి? కందిపొడా, సున్నుండలా? ఆవకాయ జోలికి ఎవరూ పోలేదు. దానికి మూడు కవర్లు తొడిగి, చుట్టూ టేపు వేసి, మధ్యలో భద్రంగా కూర్చోబెట్టారు. చివరికి బయటికొచ్చింది పెద్దాయన ఉన్ని స్వెటరు.

"ఎన్ని గంటల ప్రయాణం ఆంటీ?" అడిగింది పక్క ఫ్లాట్ అమ్మాయి.

"తెల్లారి నాలుగింటికి ఎక్కితే సాయంత్రం అయిదింటికి డల్లాస్‌లో దిగుతామట. పదమూడు గంటలేనమ్మా!"

కొడుకు నవ్వాడు. "అమ్మా, ఆ అయిదు వాళ్ల అయిదు. మన గడియారంలో అది ఎల్లుండి తెల్లవారుజామున మూడున్నర." వేళ్ల మీద లెక్క వేసి, మధ్యలో దుబాయ్‌లో విమానం మారడంతో కలిపి ఇరవై మూడున్నర గంటలని తేల్చాడు. ఇప్పుడు గుమ్మం దాటినప్పటి నుంచీ చూస్తే మరో నాలుగున్నర పైమాటే. పెద్దావిడ ముఖంలో ఉత్సాహం కాస్త తగ్గింది. "అన్ని గంటలు కూర్చుంటే కాళ్లు వాచిపోవూ?" అంది.

ఈమధ్య ఏ నలుగురు కలిసినా విమానాల ముచ్చటే. వరంగల్‌కి మామునూరు విమానాశ్రయం వస్తుందంటారు. అమెరికా విమానాలు చుట్టూ తిరిగి పోతున్నాయంటారు. మెట్రో ఎయిర్‌పోర్టుకు ఎప్పుడొస్తుందంటారు. ఎక్కడినుంచి ఎక్కడికి ఎంత దూరం, ఎన్ని గంటలు అని ఫోన్లో కొడితే రెప్పపాటులో అంకె వచ్చేస్తుంది. అది ఒక విమానాశ్రయం నుంచి మరో విమానాశ్రయానికి చెప్పే లెక్క. విమానాశ్రయంలో ఎవరూ కాపురం ఉండరు కాబట్టి, ఆ లెక్కకు రెండు వైపులా చాలా కలపాలి. ఆ కలిపేది ఎంతో చందానగర్ వాళ్లకు బాగా తెలుసు.

బేగంపేట రోజులు

చందానగర్ ముంబయి హైవే మీద, మియాపూర్‌కూ లింగంపల్లికీ నడుమ ఉంటుంది. ఇక్కడినుంచి పాత బేగంపేట విమానాశ్రయం పద్దెనిమిది కిలోమీటర్లకు అటూఇటూ. కూకట్‌పల్లి, అమీర్‌పేట దాటితే వచ్చినట్టే. ఆటోలో పోయి విమానం ఎక్కినవాళ్లు ఇప్పటికీ బీహెచ్‌ఈఎల్ పాత కాలనీల్లో కనబడతారు. ఎగిరేవాళ్లు తక్కువ, సాగనంపేవాళ్లు ఎక్కువ అన్న కాలం అది. దండలు వేసేవారు. ఫొటోలు తీసుకునేవారు. విమానం కనుమరుగయ్యాక అందరూ హోటల్లో టిఫిన్ చేసి ఇళ్లకు చేరేవారు.

బేగంపేటది నిజాం నాటి చరిత్ర. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1940ల్లో నడిపిన డెక్కన్ ఎయిర్‌వేస్‌కు అదే పుట్టిల్లు. 1953లో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఊరు పెరుగుతూ వచ్చి రన్‌వే చుట్టూ మేడలు లేచాయి. ఇక విస్తరించడానికి చోటు లేకపోయింది.

2008 మార్చి 14న శంషాబాద్‌లో రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయాన్ని సోనియాగాంధీ ప్రారంభించారు. మార్చి 23 నుంచి విమానాలన్నీ అటు మళ్లాయి. 5,495 ఎకరాలు, 4,260 మీటర్ల రన్‌వే. ఎంత పెద్ద విమానం వచ్చినా దిగే చోటు. బేగంపేటను మూయవద్దంటూ విమానాశ్రయ ఉద్యోగులు అదే నెలలో సమ్మె కూడా చేశారు. అప్పట్లో దాన్ని ఉద్యోగుల గొడవగానే చాలామంది చూశారు. శంషాబాద్‌కు ఒకసారి పోయి వచ్చాక గానీ దూరం సంగతి ఒంటికి తెలియలేదు.

ఎందుకంటే విమానాశ్రయం ముందొచ్చింది, దారి తర్వాత వచ్చింది. గచ్చిబౌలి - శంషాబాద్ ఔటర్ రింగు రోడ్డు ముక్క ఆ ఏడాది నవంబరులో తెరిచారు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే, ఆ 11.6 కిలోమీటర్ల పొడవాటి వంతెన, 2009 అక్టోబరులో. ఈ నడుమ నెలల్లో చందానగర్ నుంచి బయల్దేరినవాళ్లు మెహిదీపట్నం, రాజేంద్రనగర్ రద్దీలో పడి, గడియారం చూసుకుంటూ, డ్రైవరును తొందరపెడుతూ పోయారు. విమానం తప్పిపోయిన కథ ఒక్కటైనా లేని వీధి ఉండేది కాదేమో.

చందానగర్ నుంచి శంషాబాద్‌కు కాకి ఎగిరిపోతే 30 కిలోమీటర్లు. కారు పోతే 40 దాటుతుంది. నల్లగండ్ల మీదుగా గచ్చిబౌలి చేరి ఔటర్ ఎక్కడం ఒక దారి. తెల్లాపూర్ వైపు పోయి కొల్లూరు దగ్గర ఎక్కడం ఇంకో దారి. ఔటర్ ఎక్కాక చింత లేదు. ఎక్కేదాకానే అసలు పరీక్ష. తెల్లవారుజామున ముప్పావుగంటలో తేలిపోయే ఈ ప్రయాణం, ఆఫీసులు వదిలే వేళ గచ్చిబౌలి చౌరస్తాలో ఇరుక్కుంటే గంటన్నరకూ తేలదు. రాత్రి తొమ్మిది విమానానికి సాయంత్రం అయిదింటికే బ్యాగు సర్దుకుని దిగేవాళ్లను చూసి నవ్వకండి. వాళ్లకు ఊరు తెలుసు.

విజయవాడకు ఎగిరిపోతే...

ఈ ప్రాంతంలో కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. సంక్రాంతి దగ్గరపడితే చందానగర్, మియాపూర్, బీహెచ్‌ఈఎల్ బస్సు పాయింట్ల దగ్గర ఫుట్‌పాత్ కనబడదు. హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్ల బారులు టీవీల్లో చూస్తూనే ఉంటాం. "ఎందుకొచ్చిన అవస్థ, విమానంలో గంటే కదా" అనుకుంటాం.

శంషాబాద్ నుంచి గన్నవరం తిన్నగా 265 కిలోమీటర్లు. టికెట్టు మీద గంటకు అటూఇటూ రాసి ఉంటుంది. ఇక చందానగర్ గుమ్మం నుంచి లెక్క మొదలుపెడదాం. విమానాశ్రయానికి గంటంబావు. బ్యాగు అప్పగించి, తనిఖీ దాటి, గేటు దగ్గర కూర్చునేందుకు గంటన్నర ముందుండాలి. విమానంలో గంట. దిగి, బస్సెక్కి, బెల్టు మీద బ్యాగు కోసం ఎదురుచూసి బయటపడేందుకు అరగంట. గన్నవరం నుంచి బెజవాడ ఊళ్లోకి ఇరవై కిలోమీటర్లు, మరో ముప్పావుగంట. మొత్తం అయిదు గంటలు. కారులో పోయినా మామూలు రోజున అయిదున్నర, ఆరు. మిగిలింది అరగంటో గంటో. నలుగురున్న ఇంటికి ఆ గంట ఖరీదు నాలుగు టికెట్లు, రెండు క్యాబులు.

ఇంకో తమాషా. చందానగర్ నుంచి విజయవాడకు కారులో పోయేవాళ్లు గచ్చిబౌలి దగ్గర ఔటరెక్కి పెద్ద అంబర్‌పేట వైపు తిరిగితే, దారిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు బోర్డు పక్కనుంచే పోతారు. విమానం ఎక్కేవాడు అక్కడ ఆగి వరసలో నిలబడి ఉండగా, కారువాడు చిట్యాల దాటి టీ తాగుతుంటాడు.

అందుకే ఈ వైపు జనానికి లింగంపల్లి స్టేషనంటే అంత మమకారం. కాకినాడ వైపు గౌతమి, తిరుపతికి నారాయణాద్రి, విశాఖకు జన్మభూమి అక్కడినుంచే బయల్దేరతాయి. చందానగర్ నుంచి ఎంఎంటీఎస్‌లో పోతే తర్వాతి స్టేషనే. రాజమండ్రికి రైలు రాత్రంతా తీసుకుంటుంది. విమానం గంటలో దింపుతుంది. అయినా రైలే ముద్దంటారు. నిద్రలో గడిచే గంటలను ఎవరూ గంటల కింద రాసుకోరు.

విశాఖపట్నం దగ్గరికొచ్చేసరికి తూకం తిరగబడుతుంది. వందే భారత్‌కు కూడా సికింద్రాబాద్ నుంచి ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. విమానమైతే ఇంటి నుంచి ఇంటికి అయిదే. ఎంత దూరం దాటితే విమానం లాభమని అడిగితే, చందానగర్ వాళ్లకు ఆ గీత నాలుగు వందల కిలోమీటర్ల దగ్గర పడుతుందని నా అంచనా. అంతకు లోపలైతే విమానం హోదాకు పనికొస్తుంది.

> శంషాబాద్ నుంచి గీత గీస్తే
>
> (తిన్నని దూరం, ఆగకుండా పోయే విమానానికి షెడ్యూలు సమయం - రెండూ సుమారుగా)
>
> విజయవాడ: 265 కి.మీ. - గంట
> తిరుపతి: 420 కి.మీ. - గంటా పది నిమిషాలు
> బెంగళూరు: 455 కి.మీ. - గంటంబావు
> విశాఖపట్నం: 510 కి.మీ. - గంటంబావు నుంచి గంటన్నర
> ఢిల్లీ: 1,265 కి.మీ. - రెండుంబావు గంటలు
> దుబాయ్: 2,550 కి.మీ. - నాలుగు గంటలు
> డల్లాస్: 14,400 కి.మీ. - నేరుగా విమానం లేదు

టికెట్టు మీది గంట ఎక్కడిది?

పట్టికను మళ్లీ చూడండి. విజయవాడకు దాదాపు రెట్టింపు దూరం విశాఖ. సమయం మాత్రం పావుగంటో, అరగంటో ఎక్కువ. కారణం చిన్నది. టికెట్టు మీద రాసే సమయం విమానం గాల్లో ఉన్న సమయం కాదు. చక్రాల కింది దిమ్మలు తీసి కదిలిన క్షణం నుంచి, అవతల మళ్లీ దిమ్మలు పెట్టే క్షణం దాకా. విమానయాన భాషలో దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. వెనక్కి నెట్టించుకోవడం, రన్‌వే దాకా మెల్లగా పాకడం, ముందున్న విమానాలు ఎగిరేదాకా నిలబడటం, అవతల దిగాక గేటు ఖాళీ అయ్యేదాకా ఆగడం... ఇవన్నీ అందులోనే. ఇవి దూరంతో పెరగవు, తగ్గవు. విజయవాడకు పోయే విమానం కూడా ఢిల్లీ విమానం పాకినంతా పాకుతుంది. పైకెక్కి నిలదొక్కుకునేలోపే దిగడం మొదలవుతుంది. చిన్న రూట్లలో తిరిగే ఏటీఆర్ విమానాలు గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతాయి. జెట్ విమానాలు 800 దాటుతాయి. 265 కిలోమీటర్లలో ఆ తేడా పది పన్నెండు నిమిషాలకు మించదు.

పైగా కంపెనీలు ఆలస్యాలను ముందే ఊహించి నాలుగు నిమిషాలు కలిపి రాసుకుంటాయి. "మనం నిర్ణీత సమయం కంటే ముందే దిగుతున్నాం" అని పైలట్ ప్రకటిస్తే సీట్లో ఉన్నవాళ్లు మురిసిపోతారు. ఆ ముందు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా.

గాలి కూడా ఒక చెయ్యి వేస్తుంది. హైదరాబాద్ నుంచి దుబాయ్ పోయేటప్పుడు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర. పైన పడమటి నుంచి తూర్పుకు వీచే గాలి పోయేటప్పుడు ఎదురొస్తుంది, వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. చలికాలంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. గల్ఫ్‌కు పోయివచ్చే కరీంనగర్, నిజామాబాద్ కార్మికులు ఈ సంగతి ఏనాడో కనిపెట్టారు. ఇంటికొచ్చేటప్పుడు విమానం తొందరగా వస్తుందంటారు వాళ్లు.

డల్లాస్ దారి ఉత్తరాన ఉంది

చందానగర్ నుంచి సూట్‌కేసులతో కదిలిన ఆ పెద్దవాళ్ల సంగతికొద్దాం. అమెరికా పడమటి దిక్కున ఉందని మన నమ్మకం. గోడ మీది మ్యాపు అలా నేర్పింది. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఓ దారం తీసుకుని హైదరాబాద్ మీద ఒక కొస, డల్లాస్ మీద ఇంకో కొస పెట్టి బిగించి లాగండి. దారం పడమటికి పోదు. తిన్నగా ఉత్తరానికి లేస్తుంది. కశ్మీరం, మధ్య ఆసియా, రష్యా దాటి ఉత్తర ధ్రువానికి అయిదారు వందల కిలోమీటర్ల దగ్గరగా పోయి, కెనడా మీదుగా టెక్సాస్‌లో దిగుతుంది. పొడవు 14,400 కిలోమీటర్లు.

దుబాయ్‌లో మారి పోతే? 2,550కి తోడు దుబాయ్ నుంచి డల్లాస్ 12,900. కలిపితే 15,450. అంటే చుట్టూ తిరిగినా వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. విమానానికి అది గంటంబావు పని. మరి ఇరవై మూడున్నర గంటలు ఎందుకయ్యాయంటే, దుబాయ్‌లో కూర్చున్నందుకు. అర్ధరాత్రి ఇల్లు వదిలి, అలసిపోయి, వీల్‌చెయిర్ తోసే కుర్రాడి కోసం వెతుక్కుంటూ, ఇంగ్లిషు బోర్డులు చదువుకుంటూ, ఏ గేటో తెలియక తికమకపడే ఆ మూడున్నర గంటలకు మన పెద్దవాళ్లు భయపడతారు. ఆకాశంలో పదహారు గంటలు వాళ్లకు లెక్కలేదు. కూర్చోబెట్టి అన్నం పెడతారు, ఇంకేం కావాలి?

అందుకే నేరుగా పోయే విమానమంటే తెలుగిళ్లలో అంత ఆశ. ఆ ఆశ ఒకసారి తీరింది కూడా. 2021 జనవరి 15న ఎయిరిండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టింది. దాదాపు 13,300 కిలోమీటర్లు, బోయింగ్ 777-200ఎల్‌ఆర్. అంతకు కొద్ది రోజుల ముందే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు అందరూ మహిళా పైలట్లే ధ్రువం మీదుగా విమానం నడిపి తెచ్చారు. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలోని ఆ బృందంలో పాపగారి తన్మయి ఒకరు. మన ఊరి షికాగో విమానం మాత్రం నిలదొక్కుకోలేదు. అంత దూరం ఆగకుండా పోగల విమానాలు ఎయిరిండియా దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఇంధనం బరువు మోసుకుంటూ పోయే అలాంటి సర్వీసు గిట్టాలంటే ముందు వరసల ఖరీదైన సీట్లు నిండాలి. మనవల్ని చూడబోయే తల్లిదండ్రులు వెనక సీట్లు నింపుతారు.

ఇక ఆకాశానికి సరిహద్దులుండవనేది పాత మాట. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, ఐరోపా విమానాలకు రష్యా దారి మూసుకుపోయింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత మన విమానాలకు పాకిస్థాన్ తన గగనతలం మూసింది. బదులుగా మనమూ మూశాం. ఢిల్లీ నుంచి అమెరికా పోయే ఎయిరిండియా విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాల్సివచ్చింది. కొన్ని దారిలో ఇంధనం కోసం ఆగాల్సివచ్చింది. సెప్టెంబరు వచ్చేసరికి వాషింగ్టన్ సర్వీసే ఆగిపోయింది. గ్లోబు మీద దారం పొడవు మారలేదు. ఢిల్లీలో మారి అమెరికా పోయే హైదరాబాదీలకు గంటలు మాత్రం పెరిగాయి.

రెండు విమానాశ్రయాల నడుమ 150

దూరాల కథల్లో అన్నింటికంటే విచిత్రమైనది కాగితం మీది దూరం. శంషాబాద్ కోసం 2004 డిసెంబరులో కేంద్రం కుదుర్చుకున్న ఒప్పందంలో ఒక షరతు ఉంది. గగన మార్గాన 150 కిలోమీటర్ల లోపల, పాతికేళ్ల దాకా మరో విమానాశ్రయం రాకూడదు. వేల కోట్లు పెట్టేవాడికి పక్కనే పోటీ రాదన్న భరోసా కావాలి కాబట్టి అందులో అర్థం ఉంది. కానీ ఆ గీత ఒక పాత ఊరి మీద పడింది.

వరంగల్ శివారు మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం ఉంది. ఎనభైల నాటికే అక్కడ విమానాలు ఆగిపోయాయి. శంషాబాద్ నుంచి మామునూరు తిన్నగా 145 కిలోమీటర్లు. గీతకు అయిదు కిలోమీటర్ల లోపల! రోడ్డు మీద కొలిచి ఉంటే ఎప్పుడో బయటపడేది. ఏళ్ల తరబడి నాయకులు హామీలిచ్చారు, ఆ అయిదు కిలోమీటర్లు అడ్డుపడుతూ వచ్చాయి. చివరికి శంషాబాద్‌ను నడిపే జీఎంఆర్ సంస్థ అభ్యంతరం లేదని చెప్పడంతో 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది.

మామునూరు వస్తే హైదరాబాద్ నుంచి వరంగల్‌కు ఎగురుతామని సంబరపడేవాళ్లకు ఒక్క మాట. ఆ పని ఎవరూ చేయరు, చేయకూడదు కూడా. పైన బెజవాడ లెక్క చూశాం. మామునూరు ఉపయోగం వేరు. హనుమకొండ నుంచి ఢిల్లీకో ముంబయికో పోయేవాడు శంషాబాద్ దాకా గంటల తరబడి రోడ్డు ప్రయాణం మానుకుంటాడు. అంతవరకు అది పెద్ద మేలే.

> ఊరికి దూరంగా
>
> 2008లో రెండు నెలల తేడాతో హైదరాబాద్, బెంగళూరు తమ విమానాశ్రయాలను ఊరి బయటికి పంపాయి. మార్చిలో బేగంపేట, మేలో బెంగళూరు హెచ్‌ఏఎల్. గచ్చిబౌలి నుంచి వైట్‌ఫీల్డ్‌కు మీటింగు కోసం పోయే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి గాల్లో గంటంబావు ఉంటే, రెండు చివరలా రోడ్ల మీద అంతకు రెట్టింపు ఉంటాడు. విశాఖకూ ఇదే వరస. ఊళ్లో ఉన్న నౌకాదళ విమానాశ్రయం బదులు సుమారు 45 కిలోమీటర్ల దూరాన భోగాపురానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది.

మెట్రో ఎటు పోతోంది?

విమానం వేగం పెంచడం మన చేతుల్లో లేదు. అరవై ఏళ్లుగా ప్రయాణికుల విమానాలు దాదాపు అదే వేగంతో పోతున్నాయి. తగ్గించగలిగింది నేల మీది సమయమే. ఆ ప్రయత్నమూ జరిగింది. 2022 డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రాయదుర్గం నుంచి శంషాబాద్‌కు ఎయిర్‌పోర్టు ఎక్స్‌ప్రెస్ మెట్రోకు శంకుస్థాపన చేశారు. 31 కిలోమీటర్లు, 6,250 కోట్ల రూపాయలు, 26 నిమిషాలు అన్నారు. సైబరాబాద్ మొత్తం చప్పట్లు కొట్టింది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది. ఔటర్ ఉన్నవాళ్లకు మెట్రో దేనికి, పాతబస్తీకి, తూర్పు ప్రాంతాలకు కదా కావాల్సింది అన్న వాదనతో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఆ మార్గాన్ని పక్కనపెట్టారు. కొత్త ప్రణాళికలో ఎయిర్‌పోర్టు లైను నాగోలు నుంచి ఎల్‌బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా శంషాబాద్ పోతుంది.

న్యాయంగా చూస్తే ఆ వాదనలో బలం ఉంది. ఎల్‌బీనగర్, చాంద్రాయణగుట్ట జనం ఎక్కువ, వాళ్లకు సొంత కార్లు తక్కువ. అయితే విమానాలు ఎక్కువగా ఎక్కేది పడమటి వైపు వాళ్లన్నదీ నిజమే. వాళ్లందరినీ కార్లలోనే ఔటర్ మీదికి పంపిస్తూ ఉంటే, గచ్చిబౌలి దగ్గర ఔటర్ ఎక్కడానికే రేపు గంట పడుతుంది. మియాపూర్, జేఎన్‌టీయూ వైపు నుంచి ఆర్టీసీ పుష్పక్ బస్సులున్నాయి. రెండు చేతుల్లో రెండు పెట్టెలు లేనివాళ్లకు అవి మంచి దారి. చౌక కూడా. వాటికి ఫ్లైఓవర్ల మీద ప్రత్యేక వరస ఇస్తే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది.

చందానగర్‌కు ఆ ప్రణాళికలో వాటా లేకపోలేదు. మియాపూర్ నుంచి పటాన్‌చెరుకు ప్రతిపాదించిన 13.4 కిలోమీటర్ల లైను ఇక్కడి హైవే మీదుగానే పోతుంది. ఇవన్నీ పూర్తయిన రోజున చందానగర్‌లో ఎక్కి, ఎర్ర లైనులో కూకట్‌పల్లి, అమీర్‌పేట దాటి, ఎంజీబీఎస్‌లో ఒకసారి, చాంద్రాయణగుట్టలో ఇంకోసారి మారి శంషాబాద్‌లో దిగొచ్చు. నాలుగు సూట్‌కేసులతో రెండుసార్లు మెట్లెక్కి దిగేవాళ్లుంటే చెప్పండి. మిగతావాళ్లు ఆ రోజుకూ రాత్రి పదకొండింటికి క్యాబే పిలుస్తారు. డ్రైవరు అడిగే ప్రశ్న కూడా మారదు: "సార్, నల్లగండ్ల మీద నుంచి పోదామా, కొల్లూరు నుంచి పోదామా?"